ఎపిసోడ్ 41: ఫైన్ కట్టేశాంగా, ఇంకేంటి?

వదిన: నమస్కారం. ఈ వారం విషయం, పాత కేసు ఉంటే ఉద్యోగం వస్తుందా, ఆ కేసు మచ్చ పోగొట్టుకునే దారేంటి. మరిది ఈసారి టైముకే వచ్చాడు.

మరిది: ఆటో దొరికింది.

వదిన: (నవ్వు) ఆ ఆటో గొడవ మళ్లీ వద్దు. భీమవరం నుంచి ఒకబ్బాయి వాయిస్ మెసేజ్ పెట్టాడు. సంక్రాంతికి కోడిపందేల దగ్గర పట్టుకున్నారట, కోర్టులో ఫైన్ కట్టేశాడు. ఇప్పుడు కానిస్టేబుల్‌కి సెలెక్టయ్యాడు. ఫారంలో కేసులున్నాయా అన్నచోట ‘లేవు’ అని రాసేశాడు.

మరిది: అయ్యో. తీర్పుకి కోర్టు ముద్రేసి ఇచ్చే నకలు, అదే సర్టిఫైడ్ కాపీ, తీసుకున్నాడా?

వదిన: మా మరిది కాపీ గోల మొదలెట్టాడండీ.

మరిది: అది కాదు వదినా. జడ్జిగారు ‘తప్పు ఒప్పుకుంటున్నావా’ అంటే తలూపుతారు, డబ్బు కట్టి బయట టీ తాగి ఇంటికెళ్లిపోతారు. అయిపోయిందనుకుంటారు. అది శిక్షే! పేకాటైనా అంతే, డ్రంక్ అండ్ డ్రైవ్ అయినా అంతే.

వదిన: లాయరు చెప్పడా?

మరిది: ఫైనుతో పోతుందంటే ఇంకేం వింటారు? వాయిదాలకి తిరగక్కర్లేదు కదా అని సంబరం.

వదిన: సరే, ‘ఉంది’ అని రాస్తే ఉద్యోగం ఇచ్చేవాళ్లా? నేను పదేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్నా. ‘ఉంది’ అని టిక్కు పెట్టిన ఫారం పక్కన పడేస్తారు. ఏం కేసని కూడా అడగరు.

మరిది: అయితే దాచేయమంటావా?

వదిన: ఎందుకు దాస్తారో చెబుతున్నా.

మరిది: 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా. కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసు దాచినా, చూసీచూడనట్టు వదిలేయొచ్చని. పెద్ద కేసు దాస్తే ఉద్యోగంలోంచి తీసేయొచ్చు.

వదిన: నిజం చెబితే మాత్రం తీసుకోవాలా?

మరిది: అదీ... తీసుకుని తీరాలని లేదు. మంచీచెడ్డా చూసుకునే హక్కు వాళ్లకుంది.

వదిన: చూశావా! చెబితే గ్యారంటీ లేదు, చెప్పకపోతే దొరికిపోతాం.

మరిది: దొరకడం మాత్రం ఖాయం. వెరిఫికేషన్‌కి కానిస్టేబుల్ వీధిలోకొస్తే పక్కింటివాళ్లే చెప్పేస్తారు.

వదిన: మా పక్కింటావిడైతే కాఫీ ఇచ్చి మరీ చెబుతుంది.

మరిది: 2022 జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్ గొడవ గుర్తుందా? నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం వద్దంటూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆర్మీ కోసం తెల్లారగట్లే లేచి పరుగులు తీసిన పిల్లలు. రెండు రోజులకే సైన్యం చెప్పేసింది, ఎఫ్‌ఐఆర్ ఉంటే రాలేరని.

వదిన: మా తమ్ముడు వెళ్తానన్నాడు ఆ రోజు. జ్వరమొచ్చి ఆగిపోయాడు. ప్రాక్టీసు పోతోందని ఆ జ్వరాన్ని ఎంత తిట్టానో.

మరిది: ...ఎప్పుడూ చెప్పలేదు.

వదిన: చెప్పడానికేముంది. కేసు పోగొట్టుకోవడం గురించి చెప్పు, టైమైపోతోంది.

మరిది: పెద్దవాళ్ల కేసుల్ని రికార్డులోంచి చెరిపేసే చట్టం మన దేశంలో లేదు. చిన్న కొట్లాటలాంటివి లోక్ అదాలత్‌లో రాజీ అయితే నిర్దోషిగా వదిలేసినట్టే. కేసే కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయొచ్చు, పాత నేర విచారణ చట్టంలో సెక్షన్ 482, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 528. పద్దెనిమిదేళ్లు నిండకముందు కేసైతే బాలల చట్టం మామూలుగా ఆ మచ్చ అంటనివ్వదు. జైలుకి పంపకుండా మంచి నడవడిక షరతు మీద వదిలే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద వదిలేసినా...

వదిన: భీమవరం అబ్బాయి సంగతి?

మరిది: ఒప్పుకున్నాడు కాబట్టి అప్పీలు కష్టం. వాళ్లు కనిపెట్టకముందే తనే రాతపూర్వకంగా చెప్పేసుకోవాలి. దానికి తీర్పు—

వదిన: సర్టిఫైడ్ కాపీ.

మరిది: మరి! కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ప్రింటు తీసి జేబులో పెట్టుకుంటే చాలదు.

వదిన: ఆ ఈ-కోర్ట్స్ ఇంకో తలనొప్పి. వెరిఫికేషన్ వాళ్లు అందులో పేరు కొట్టి చూస్తారు. ఒకబ్బాయి ఆఫర్ మూడు వారాలు ఆగింది. తీరా చూస్తే ఆ చెక్ బౌన్స్ కేసు ఇంకెవరిదో.

మరిది: తండ్రి పేరు చూడరా?

వదిన: ఇద్దరి తండ్రులూ వెంకటేశ్వర్లే.

మరిది: (నవ్వు) కాపీ ఉంటే అడ్రసు కూడా—

వదిన: ఉండు, మీ అన్నయ్య ఫోను. ఆఁ, చెప్పండి... పాలా? స్టవ్ కట్టేయండి ముందు! ఒరే, రికార్డింగ్ ఆపు.