నగదు బ్యాంకులో ఉందా, కాగితం మీదే ఉందా?

శ్రోతలకు నమస్కారం. విదేశంలో ఎక్కడో ఓ చిన్న తయారీ కంపెనీ ఉంది. లాభాలు దండిగా ఉన్నాయి, షేరు ధర మాత్రం నేలమీదే ఉంది. కంపెనీ మొత్తం మార్కెట్ విలువ ఎంతో, దాదాపు అంత నగదు బ్యాంకులో ఉందని వార్షిక నివేదిక చెబుతోంది. ఆ నగదు నిజమైతే ఇంతకంటే చవక బేరం దొరకదు. అందుకే ముందు తేల్చుకోవలసింది లాభం సంగతి కాదు, నగదు సంగతి.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. చైనాలోని దాలియన్ నగరంలో రైనో ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఉండేది. ఉక్కు కర్మాగారాలకు కాలుష్య నియంత్రణ యంత్రాలు తయారుచేసేది. అమెరికాలో అప్పటికే నమోదై, వ్యాపారమేమీ లేని ఓ ఖాళీ కంపెనీతో కలిసిపోయి, ఆ దారిన అక్కడి నాస్‌డాక్ షేర్ మార్కెట్ దాకా వచ్చింది. దీన్నే రివర్స్ మెర్జర్ అంటారు. కొత్త ఇష్యూకు ఎదురయ్యే వడపోత అప్పట్లో ఈ దారిలో ఉండేది కాదు. 2010 నవంబరులో మడ్డీ వాటర్స్ అనే పరిశోధన సంస్థ దాని లెక్కలను ప్రశ్నించింది, డిసెంబరులో నాస్‌డాక్ దాన్ని జాబితా నుంచి తీసేసింది. 2013లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ సెక్ కేసు వేసింది. 2008 మొదలు 2010 సెప్టెంబరు దాకా అమెరికాలో చూపిన అమ్మకాలు 49.1 కోట్ల డాలర్లయితే, చైనా పద్దుల్లో ఉన్నవి 3.1 కోట్లేనని అందులో ఆరోపించింది.

నగదును ఇంట్లో కూర్చునే పరీక్షించవచ్చు. దానికి వడ్డీయే కొలబద్ద. 2009లో చైనా బ్యాంకుల్లో మామూలు ఖాతాకు ప్రామాణిక వడ్డీ 0.36 శాతం, ఏడాది డిపాజిట్‌కు 2.25 శాతం. ఒక కంపెనీ ఆ ఏడాది సగటున 5 కోట్ల డాలర్ల నగదు ఉందని చూపిందనుకోండి. డబ్బంతా మామూలు ఖాతాలోనే పడున్నా 1,80,000 డాలర్ల వడ్డీ రావాలి. నివేదికలో 40,000 డాలర్లే కనబడితే, ఆ రేటున ఏడాది పొడుగునా ఉన్న డబ్బు సుమారు 1.1 కోట్లే. మిగతాది లెక్కలు ముగిసే రోజుకు ఎక్కడినుంచో వచ్చి, మర్నాడు వెళ్లిపోయి ఉండవచ్చు. అయితే సగటు తీసేటప్పుడు ఏడాది మొదలు, చివర మాత్రమే చూడకండి, నాలుగు త్రైమాసికాల నిల్వలూ తీసుకోండి. కొన్ని కంపెనీలు కట్టిన వడ్డీని, వచ్చిన వడ్డీని కలిపి ఒకే నికర అంకె చూపుతాయి. అప్పుడు లెక్కల వెనక ఇచ్చే వివరణల్లోకి, అంటే నోట్స్‌లోకి వెళ్లి రెండింటినీ విడదీయాలి. అదే ఏడాది అక్కడ అప్పు మీద ప్రామాణిక వడ్డీ 5.31 శాతం. చేతిలో అంత డబ్బు పెట్టుకుని ఆ రేటుకు అప్పెందుకు తెచ్చారో కంపెనీ చెప్పగలగాలి.

తర్వాత రావలసిన బాకీలు. అమ్మకాలు 6 కోట్లు, ఏడాది చివరన బాకీలు 3 కోట్లు అంటే 182 రోజుల అమ్మకాల డబ్బు బయటే ఉందన్నమాట. కొనుగోలుదారులకు 60 రోజుల గడువిస్తామని అదే నివేదికలో రాసి ఉంటే ఆ రెండూ పొసగవు. లేని అమ్మకానికి డబ్బు రాదు కాబట్టి అది బాకీగా పేరుకుంటుంది. బాకీలు మరీ పెరిగితే అందరి కళ్లూ అక్కడే పడతాయని, మరుసటి ఏడాది ఆ మొత్తాన్ని సరఫరాదారులకు ఇచ్చిన అడ్వాన్సులుగానో, నిర్మాణంలో ఉన్న కొత్త ప్లాంటుగానో మార్చేస్తారు. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఐదేళ్లవి చూడండి. ఒకటి తగ్గిన ఏడాదే మరొకటి ఉబ్బిందంటే అక్కడ ఆగాలి.

తయారీ కంపెనీతో ఒక మేలుంది: సరుకు కంటికి కనబడుతుంది. ఏడాదికి 1,00,000 టన్నులు తయారుచేస్తున్నామంటే, 300 పనిదినాలకు రోజుకు 333 టన్నులు. 25 టన్నుల లారీలైతే రోజుకు 13 నిండి బయటికి రావాలి, ముడిసరుకు లారీలు లోపలికి వెళ్లాలి. గేటు దగ్గర వారం రోజులు లెక్కపెట్టించి గుట్టు బయటపెట్టిన పరిశోధకులున్నారు. అంత వీలు లేనివారు వేర్వేరు ఏళ్ల ఉపగ్రహ చిత్రాల్లో ఆవరణ చూడవచ్చు. రెట్టింపు చేశామన్న షెడ్డు పొడవు మారిందా, లారీలు ఆగే చోట గడ్డి మొలిచిందా అన్నది తెలుస్తుంది.

అమెరికాలో చూపిన లెక్కలను కంపెనీ సొంత దేశంలో రిజిస్ట్రార్ దగ్గరున్న పద్దులతో పోల్చేటప్పుడు మాత్రం తొందరపడవద్దు. ఆ పద్దులు తరచు ఒక్కో అనుబంధ కంపెనీవి. అకౌంటింగ్ పద్ధతులూ వేరు. కొద్దిపాటి తేడా సహజం. పది, పదిహేను రెట్ల తేడాకు మాత్రం ఆ సమాధానం చాలదు.

అమెరికా మార్కెట్లో ఉన్న ఇలాంటి కంపెనీల కాగితాలన్నీ సెక్ వారి ఎడ్గార్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అమెరికా దేశీయ కంపెనీల నిబంధనల కింద ఉన్నవి ఏటా 10-కె, త్రైమాసికంగా 10-క్యూ అనే నివేదికలు ఇస్తాయి. విదేశీ కంపెనీ హోదా ఉన్నవి ఏడాది ముగిసిన 4 నెలల్లోగా 20-ఎఫ్ అనే వార్షిక నివేదిక ఇస్తే చాలు, త్రైమాసిక లెక్కలు తప్పనిసరి కాదు. ఏది చేతికొచ్చినా వెనక నుంచి చదవండి. సంబంధిత పక్షాల లావాదేవీలు అక్కడే ఉంటాయి. పెద్ద కొనుగోలుదారు యజమాని బావమరిది కంపెనీ అని తెలిసేది ఆ పేజీలోనే. ఆడిటర్ పేరు చూసి, ఆ సంస్థపై అమెరికా ఆడిట్ పర్యవేక్షణ బోర్డు ఇచ్చిన తనిఖీ నివేదిక కూడా తెరవండి.

ఇన్ని పరీక్షలూ దాటిన కంపెనీనైనా కొనేముందు, అమ్మే రోజు లెక్క వేసుకోండి. రోజుకు సగటున 8,000 షేర్లే చేతులు మారుతుంటే, ధర పడగొట్టకుండా అందులో పదోవంతు, అంటే 800 అమ్మగలరు. మీ దగ్గర 20,000 షేర్లుంటే బయటపడటానికి 25 ట్రేడింగ్ రోజులు పడుతుంది. కొన్నా అమ్మినా ధర రాసి లిమిట్ ఆర్డరే పెట్టండి. ఇంత పలచని షేరును ధర రాయని మార్కెట్ ఆర్డర్‌తో అమ్మకానికి పెడితే, వరసలో ఉన్న నాలుగైదు బిడ్లూ, అంటే కొంటామన్న ధరలన్నీ, తినేసి ఎక్కడో కింద ధరకు అమ్ముడవుతుంది.