క్లాసిక్ 350: టార్క్ 4,000 దగ్గర, పవర్ 6,100 దగ్గర ఎందుకు?

దృశ్యం: ఘాట్ రోడ్డు ఎక్కుతున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. వెనక సీట్లో ఇంకొకరు.

వాయిస్: ఈ చప్పుడు వినండి. శ్రీశైలం ఘాట్‌లో టాప్ గేరు వదలకుండా ఎక్కితే బండి ఇలాగే దడదడలాడుతుంది. ఎక్సలేటర్ ఎంత తిప్పినా పికప్ రాదు. ఇప్పుడు రెండు గేర్లు తగ్గిద్దాం. చూశారా, లాగేసింది! ఇంజిన్ అదే, పెట్రోలూ అదే. మరి ఈ బలం ఎక్కణ్ణుంచి వచ్చింది?

తెర మీద: 27 ఎన్‌ఎం, 4,000 ఆర్‌పీఎం దగ్గర. 20.2 బీహెచ్‌పీ, 6,100 ఆర్‌పీఎం దగ్గర.

వాయిస్: కంపెనీ ఇచ్చే లెక్కలివి. ఎన్‌ఎం అంటే న్యూటన్ మీటర్, టార్క్‌కి కొలత. బీహెచ్‌పీ అంటే హార్స్‌పవర్, పవర్‌కి కొలత. ఆర్‌పీఎం అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది. టార్క్ 4,000 దగ్గరే గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గిపోతుంది. పవర్ మాత్రం 6,100 దాకా పెరుగుతూనే ఉంటుంది. టార్క్ తగ్గుతుంటే పవర్ ఎలా పెరుగుతుంది? ఇంజిన్ల గురించి చదివే కొత్తలో నన్ను బాగా సతాయించిన ప్రశ్న ఇది.

ముందు టార్క్. మీటరు పొడవున్న పానా ఒకటి నట్టుకు పెట్టి, దాని చివర రెండుముప్పావు కిలోల బరువు వేలాడదీయండి. నట్టు మీద పడే తిప్పుడు బలం సుమారు 27 ఎన్‌ఎం. ఇందులో వేగం ప్రసక్తి లేదు. నట్టు కదలకపోయినా ఆ బలం ఉన్నట్టే.

హార్స్‌పవర్ అలా కాదు, దానికి టైమ్ కావాలి. ఒకసారి బావి దగ్గరికి వెళ్దాం.

దృశ్యం: బావి, గిలక, చేద, పక్కన గాబు.

వాయిస్: చేదలో పైకొచ్చే నీళ్లు టార్క్ అనుకోండి. నిమిషానికి ఎన్నిసార్లు తోడామన్నది ఆర్‌పీఎం. ఆ నిమిషంలో గాబులో పడిన మొత్తం నీళ్లు హార్స్‌పవర్. నింపాదిగా తోడితే చేద నిండుగా వస్తుంది, గాబు మాత్రం ఎప్పటికీ నిండదు. కాస్త తొందరపడితే చేద పూర్తిగా మునగకముందే లాగేస్తాం, కొంచెం వెలితిగా వస్తుంది. అయినా ఎక్కువసార్లు తోడాం కాబట్టి గాబులో నీళ్లు ఎక్కువే. మరీ కంగారుపడితే అడుగున నాలుగు చుక్కలే వస్తాయి. అప్పుడు ఎన్నిసార్లు తోడినా దండగే.

సిలిండరే ఆ చేద, అందులో నిండాల్సింది గాలి. 4,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ ఒకసారి కిందికి దిగడానికి పట్టే సమయం సెకనులో వెయ్యో వంతులు ఏడున్నర. 6,100 దగ్గర అవి ఐదు కూడా ఉండవు. అంతలో వాల్వు సందులోంచి గాలి దూరి సిలిండరంతా నిండాలి. నిండదు. గాలి తగ్గితే మంట బలం తగ్గుతుంది, పైగా రాపిడి పెరుగుతుంది. అందుకే టార్క్ పడిపోతుంది. మరీ తక్కువ వేగంలోనూ చేద నిండదు. లోపలికి వచ్చే గాలికి ఊపు ఉండదు, వాల్వు మూసుకునేలోపు కొంత వెనక్కి పోతుంది.

తెర మీద: హార్స్‌పవర్ = ఎన్‌ఎం × ఆర్‌పీఎం ÷ 7,121

వాయిస్: లెక్క వేద్దాం. 4,000 దగ్గర 27 ఎన్‌ఎం, అంటే 15.2 హార్స్‌పవర్. 6,100 దగ్గర 20.2 రావాలంటే టార్క్ 23.6 ఉంటే చాలు. బలం ఎనిమిదో వంతు తగ్గింది, వేగం ఒకటిన్నర రెట్లయింది. గాబు గెలిచింది!

ఇప్పుడు కేటీఎం 200 డ్యూక్ పక్కన పెట్టి చూడండి. నాకు చాలా ఇష్టమైన పోలిక ఇది. రెండిటి సిలిండర్ వెడల్పూ 72 మిల్లీమీటర్లే. క్లాసిక్‌లో పిస్టన్ 85.8 మిల్లీమీటర్లు ప్రయాణిస్తే, డ్యూక్‌లో 49 మాత్రమే. చిన్న చేద, చురుకైన చేతులు. 19.3 ఎన్‌ఎం టార్కే ఉన్నా 10,000 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 25 హార్స్‌పవర్ ఇస్తుంది.

దృశ్యం: మళ్లీ ఘాట్ రోడ్డు.

వాయిస్: ఇక గేరు సంగతి. చక్రాన్ని తోసేది ఇంజిన్ టార్క్ ఒక్కటే కాదు, గేరు దాన్ని ఎన్ని రెట్లు చేస్తుందన్నదీ ముఖ్యం. బండి అదే వేగంలో పోతుండగా ఇంజిన్‌ని 4,000 నుంచి 6,100కి తెచ్చే గేరు వేస్తే, ఇంజిన్ టార్క్ తగ్గినా చక్రం దగ్గర తోపు సుమారు మూడో వంతు పెరుగుతుంది. 15.2 కాస్తా 20.2 అయింది కదా, అదే ఆ తేడా.

క్లాసిక్‌లో ఆర్‌పీఎం మీటరు లేదు, చెవే మీటరు. హెయిర్‌పిన్ మలుపులోకి దిగకముందే గేరు తగ్గించండి. ఆ దడదడ పోయి చప్పుడు గుక్క తిప్పుకోకుండా వస్తోందంటే, ఇంజిన్ ఎక్కడానికి సిద్ధంగా ఉన్నట్టే.