నెలకా, ఏడాదికా?

ఫిబ్రవరి 28, సైన్స్ డే వచ్చిందంటే సి.వి.రామన్ గారి ఫొటోకి దండ వేసి, 1928లో ఆయన కనిపెట్టిన రామన్ ఎఫెక్ట్ గురించి నాలుగు మాటలు చెప్పి స్టేజీ దిగిపోవడం మనకి అలవాటు. దండ నేనూ ఇందాకే వేశాను. ఆయన మీద గౌరవం ఉంచుకునే, మనం ఎప్పుడూ దాటేసే సంగతొకటి చెప్తాను.

1933లో బొంబాయి నుంచి కమలా భాగవత్ అనే అమ్మాయి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి దరఖాస్తు పెడితే, డైరెక్టరుగా ఉన్న రామన్ గారు కాదన్నారు. ఆడపిల్ల కదా, అందుకు. ఆమె పట్టు వదల్లేదు. చివరికి షరతుల మీద చేర్చుకున్నారు: ఏడాది ప్రొబేషను, పైగా ఆమె వల్ల మగపిల్లల ధ్యాస చెదరకూడదు. వాళ్ళ ధ్యాసకి పూచీ ఈమెదట! 1939కల్లా ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరేటు పూర్తి చేశారు. కమలా సొహోనీ అంటే ఆవిడే.

ఇవాళ అలాంటి షరతులు ఎవరూ నోటితో చెప్పరు. ఇంట్లో లెక్కలు మాత్రం వేస్తారు. మన కెమిస్ట్రీ బ్యాచ్‌లోనే ఒకమ్మాయి ఉండేది. టైట్రేషన్‌లో, అంటే రంగు మారేదాకా ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపే ప్రయోగంలో, బ్యూరెట్ అనే సన్నని గాజు గొట్టం కొసన వేలాడే అర చుక్కని ఫ్లాస్కు గోడకి తాకించి, నీళ్ళతో కడిగి దింపేది. లేత గులాబీ రంగు, అంతే. నాకు కూడా అంత చక్కగా వచ్చేది కాదు. టీసీ కోసం వాళ్ళ నాన్నగారు వచ్చారు. "ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదేళ్లు. అప్పటికి దానికి ఇరవై ఎనిమిది. అంతకు మించి చదివిన సంబంధం నేనెక్కణ్ణుంచి తేను మేడమ్?" అన్నారు. చెడ్డ మనిషి కాదు. పీహెచ్‌డీకి కూడా తనే ఫీజు కట్టాల్సి వస్తుందని అనుకుంటున్నారు. ఎమ్మెస్సీ తర్వాత నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, వస్తే 37,000 రూపాయలు వాళ్ళే ఇస్తారండీ అన్నాను. "నెలకా, ఏడాదికా?" అని రెండుసార్లు అడిగారు. కానీ అప్పటికే తాంబూలాలు అయిపోయాయి.

మగపిల్లలకి ఇంకో రకం. బీఎస్సీ అనగానే "ఎంసెట్‌లో ర్యాంకు రాలేదా?" అని పెళ్లి భోజనాల దగ్గర అడిగే మావయ్య ప్రతి ఇంట్లో ఉంటాడు.

వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్. ఫస్టియర్ పిల్లలు ముఖ్యంగా నాన్నల్ని తీసుకురండి. ఆ 37,000 అంకె నేను బోర్డు మీద పెద్దగా రాసి, పక్కన 'నెలకి' అని కూడా రాస్తాను.