గ్యాస్కెట్ ఒక్కటే మార్చితే మళ్లీ పోతుంది: టాటా లారీ కమ్మిన్స్ 6బీటీ, ఇంటి షెడ్డులో ఫుల్ ఇంజిన్ పని రివ్యూ

నమస్తే అండి. ముందు ఈ బల్ల మీద ఉన్నది చూడండి. పాత హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకీ దాని మీద కూర్చునే హెడ్డుకీ మధ్య సీలు. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. మూడో సిలిండర్ చుట్టూ ఉన్న ఈ స్టీలు రింగు దగ్గర మొదలై, ఇదిగో ఈ నీళ్ల రంధ్రం దాకా ఒక నల్ల గీత పాకింది. మందం ఎంతంటారా, తల వెంట్రుకంత. కంప్రెషన్ నీళ్లలోకి దూరిన దారి ఇదే. రేడియేటర్ పొంగించింది కూడా ఇదే. కానీ ఈ గీత పడటానికి కారణం మాత్రం ఈ గ్యాస్కెట్‌లో దొరకదు. దాన్ని వెతక్కుండా కొత్తది వేసి హెడ్ బిగించేశారనుకోండి, రెండు మూడు లోడ్లకే మళ్లీ అదే హెడ్ దించుతారు.

ఇంజిన్ ఏదో చెప్తాను. టాటా 1613, 2515 లాంటి బండ్లలో వచ్చిన కమ్మిన్స్ 6బీటీ. 5.9 లీటర్లు, ఆరు సిలిండర్లు, 12 వాల్వులు, బోరు (సిలిండర్ వెడల్పు) 102 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 120. టాటా, కమ్మిన్స్ కలిసి 1993లో జంషెడ్‌పూర్‌లో పెట్టిన కంపెనీ నుంచి వచ్చింది. కరెంటు సెన్సర్ల గొడవ లేదు, అంతా ఇనుమే. అందుకే ఇంటి దగ్గర విప్పి కట్టడానికి ఇంతకంటే మంచి లారీ ఇంజిన్ లేదని నా అభిప్రాయం. ఒక్క ఇబ్బంది ఉంది. దీనికి లైనర్లు, అంటే బ్లాకులోకి దించే విడి సిలిండర్ గొట్టాలు, ఉండవు. బోరు నేరుగా బ్లాకులోనే ఉంటుంది. బోరు అరిగితే లైనర్ లాగేసి కొత్తది కొట్టే పని కాదు, బ్లాకు మొత్తం బోరింగ్ షాపుకి పోవాల్సిందే. ఈ సంగతి ముందే లెక్కలో పెట్టుకోండి.

హెడ్ దించే ముందు, అసలు పోయింది గ్యాస్కెట్టేనా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ అని తీర్మానం చేసేస్తారు. ఈ బండికి బ్రేకుల గాలి పెట్టే కంప్రెసర్ ఉంది కదా, దాని హెడ్డుకి కూడా ఇంజిన్ నీళ్లే తిరుగుతాయి. దాని గ్యాస్కెట్ పోయినా గాలి నీళ్లలోకి కొడుతుంది, అచ్చం ఇలాంటి బుడగలే వస్తాయి. కాబట్టి కంప్రెసర్‌కి పోయే రెండు నీళ్ల పైపులూ విప్పి, ఇంజిన్ వైపు రెండు చోట్లా బిరడా బిగించి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచండి. అంతకంటే ఎక్కువసేపు వద్దు. బుడగలు ఆగిపోతే మీ హెడ్డుకి ఏం కాలేదు, కంప్రెసర్ విప్పుకోండి.

రెండోది ఆయిల్ కూలర్. ఈ ఇంజిన్‌లో అది బ్లాకు పక్కనే, కవర్ వెనక ప్లేట్ల రూపంలో ఉంటుంది. రేడియేటర్ మూత తీస్తే పైన నల్లటి మీగడలా ఆయిల్ తేలుతోంది, కానీ ఛాంబర్‌లో (ఇంజిన్ అడుగు తొట్టిలో) ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉందంటే ముందు అనుమానం కూలర్ మీదే పెట్టండి. ఇంజిన్ నడిచేటప్పుడు నీళ్ల ప్రెషర్ కంటే ఆయిల్ ప్రెషర్ చాలా ఎక్కువ, అందుకని ఆయిలే నీళ్లలోకి తోసుకొస్తుంది. ఈ రెండూ బాగానే ఉండి, పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసిన నిమిషంలోపే పై హోసు రాయిలా గట్టిపడుతోందంటే అప్పుడిక హెడ్ దించాల్సిందే.

ఇక కారణం. ఈ వీడియోలో మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం వినండి. మన దగ్గర లారీ వేడెక్కుతోందంటే మొదటి వైద్యం థర్మోస్టాట్ పీకేయడం. ‘మన ఎండలకి ఇదెందుకు’ అంటారు. 6బీటీలో ఇది శుద్ధ తప్పు. ఇందులో థర్మోస్టాట్‌కి రెండు పనులు. 83 డిగ్రీల దగ్గర రేడియేటర్ దారి తెరవడం మొదలుపెడుతుంది, అదే సమయంలో నీళ్లు వెనక్కి పంపుకి తిరిగి పోయే అడ్డదారిని మూస్తుంది. పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లో గిరగిరా తిరుగుతుంది. ఖాళీగా పోతే మీటరు మామూలుగానే ఉంటుంది. లోడుతో ఘాటు ఎక్కితే ముల్లు ఎరుపులోకి పోతుంది. కొత్త థర్మోస్టాట్ కొన్నా సరే, గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటర్ పెట్టి, ఏ వేడి దగ్గర తెరుచుకుంటుందో చూసి మరీ వేయండి.

మిగతా కారణాలు త్వరగా చెప్పేస్తాను. కూలెంట్ బదులు బోరుబావి నీళ్లు పోయడం, దాంతో బ్లాకు లోపల సున్నం గట్టి పెచ్చుగా పట్టడం. బురదతో మూసుకుపోయిన రేడియేటర్. జారే ఫ్యాన్ బెల్టు. ఇంకొకటి, పికప్ కోసం డీజిల్ పంపు తిప్పించి డీజిల్ పెంచడం, టైమింగ్ ముందుకి లాగడం. అప్పుడు సిలిండర్‌లో ప్రెషర్ పెరిగి హెడ్డుని పైకి ఎత్తుతుంది, వేడి ఎక్కకపోయినా గ్యాస్కెట్ పోతుంది.

విప్పడం దగ్గరికి వద్దాం. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే హెడ్ బోల్టులు వదులు చేయాలి. మొత్తం 26. వాటిలో ఆరు పొడవాటివి రాకర్ (వాల్వుల్ని నొక్కే మీటల) స్టాండ్లలోంచే దిగుతాయి, కాబట్టి రాకర్లు తీస్తే అవీ వచ్చేస్తాయి. పుష్‌రాడ్ లాగేటప్పుడు కాస్త తిప్పి లాగండి, కింద టాపెట్‌ని ఆయిల్ పట్టుకుని ఉంటుంది. పుష్‌రాడ్లకి అట్టముక్కలో పన్నెండు రంధ్రాలు చేసి వరసగా గుచ్చిపెట్టండి. హెడ్ ఒకే ముక్క, పోత ఇనుము, ఒక్కరే ఎత్తాలని చూడకండి. ఇంజిన్ మొత్తం దించాలంటే నాలుగు వందల కిలోల పైమాటే, ఒక టన్ను చైన్ పుల్లీ, దాన్ని మోసే గట్టి దూలం ఉండాలి. షెడ్డు రేకుల పైపుకి కట్టి వేలాడదీయొద్దు.

ఇప్పుడు కొలతలు. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్‌లో ఏం చేయాలో నిర్ణయించేది ఇవే, మేస్త్రీ అంచనా కాదు. బోరు పైఅంచుకి పాతిక మి.మీ. కింద ఒకసారి, అడుగున ఒకసారి, ఒక్కో చోట నిలువూ అడ్డమూ కొలవండి. కొత్తప్పుడు 102.00 నుంచి 102.04 మి.మీ. ఇక్కణ్నుంచి సైజు అంకెలన్నీ మి.మీ.లోనే. 102.116 దాటితే బోరింగే. గుండ్రం తప్పడం 0.038, పైకీ కిందకీ తేడా 0.076, ఇంతవరకే ఒప్పుకోలు. దీనికి బోర్ డయల్ గేజ్, 100 నుంచి 125 మైక్రోమీటర్ కావాలి. వెర్నియర్‌తో తేలే లెక్క కాదిది. గేజ్ కొనడం దండగనిపిస్తే బ్లాకుని బోరింగ్ షాపులో కొలిపించి, ఆరు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకోండి. నోటితో ‘బాగానే ఉందండి’ అంటే ఒప్పుకోవద్దు.

పిస్టన్లు 0.50, 1.00 ఓవర్‌సైజుల్లో దొరుకుతాయి. అది కూడా దాటిపోతే బ్లాకుకి స్లీవు వేయించి మళ్లీ స్టాండర్డ్‌కి తెస్తారు. పిస్టన్లు ముందు కొని, వాటిని షాపువాడి చేతిలో పెట్టి, వాటి కొలత ప్రకారం బోరు చేయించండి. బోరు చేయించాక పిస్టన్లు వెతుక్కోవడం తలకిందుల పని.

హెడ్డు విషయంలో ఫేసింగ్ (అడుగు ముఖం గీకి చదును చేయడం) కంటే ముందు ప్రెషర్ టెస్ట్. నీళ్ల దారులన్నీ మూసి, వేడినీళ్ల తొట్టెలో ముంచి గాలి కొట్టిస్తే బుడగ ఎక్కడొస్తుందో అక్కడ పగులు. వేడెక్కిన హెడ్లలో రెండు వాల్వు సీట్ల మధ్య ముందు చూడండి. చల్లటి నీళ్లలో చూస్తే సన్న పగులు దొరకదు, వేడికే అది నోరు తెరుస్తుంది. ఫేసింగ్ మొత్తం మీద 1 మి.మీ.కి మించకూడదు. పాత ఓనరు ఇదివరకే గీకించి ఉండొచ్చు, ఆ లెక్క కూడా కలపాలి. ఫేసింగ్ అయ్యాక వాల్వు ముఖం హెడ్ మట్టానికి ఎంత లోపల ఉందో కొలవండి. 0.99 నుంచి 1.52 మధ్య ఉండాలి. తక్కువైతే పిస్టన్‌కి తగిలే ప్రమాదం, ఎక్కువైతే కంప్రెషన్ తగ్గి పొద్దున స్టార్టింగ్ కష్టం. బ్లాకు పైభాగం కూడా గీకిస్తే దానికి తగ్గట్టు 0.25 లేదా 0.50 మందం ఎక్కువున్న గ్యాస్కెట్ అడిగి తీసుకోండి.

క్రాంక్ మెయిన్ జర్నల్ (బేరింగ్ కూర్చునే చోటు) 83 మి.మీ., రాడ్ జర్నల్ 69. గీతలు గోటికి తగిలితే గ్రైండింగ్. తర్వాత 0.25 అండర్‌సైజ్ బేరింగులు. బేరింగ్ సందు ప్లాస్టిగేజ్ (నొక్కితే చదునయ్యే ప్లాస్టిక్ దారం) పెట్టి మీరే చూసుకోవచ్చు. మెయిన్‌కి 0.119, రాడ్‌కి 0.089 దాటకూడదు.

ఇంతకీ ఏ పని ఎక్కడ? విప్పడం, కడగడం, కట్టడం ఇంట్లో. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్డు పని, పంపు, నోజిళ్లు బయట. విజయవాడ ఆటోనగర్ దగ్గర్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఇవన్నీ ఒకే చుట్టులో అయిపోతాయి. ఓవర్‌హాల్ కిట్‌కి నా మార్కులు చెప్తాను. పిస్టన్లు, రింగులు, బేరింగులు, ఫుల్ గ్యాస్కెట్ సెట్టు, వీటిలో పైసా తగ్గించొద్దు. మంచి స్థితిలో ఉన్న రాకర్లు, పుష్‌రాడ్లు, రాడ్లు మార్చాల్సిన పనిలేదు. హెడ్ బోల్టులు కూడా అంతే. పొడవు కొలిచి మాన్యువల్ హద్దులో ఉంటే మళ్లీ వాడొచ్చు. సాగినది, మెడ దగ్గర సన్నబడినది, తుప్పు గుంటలు పడినది మాత్రం పాత ఇనుములో పారేయండి.

కడగడంలో ఒక హెచ్చరిక. బ్లాకు మీద అంటుకున్న పాత గ్యాస్కెట్ తీయడానికి గ్రైండర్‌కి ఎమరీ డిస్కు పెట్టకండి. పైన తళతళ మెరుస్తుంది, ఆ పొడి మాత్రం ఆయిల్ దారుల్లోకి దిగి కొత్త బేరింగులని తినేస్తుంది. రేకు బ్లేడు, డీజిలు, ఓపిక. అంతే. బోరింగ్ నుంచి వచ్చిన బ్లాకుని డీజిల్‌తో కడిగితే చాలదు, సబ్బునీళ్లు, బ్రష్షుతో రుద్దండి. తెల్ల బట్టకి ఆయిల్ రాసి బోరులో తుడవండి. బట్ట నల్లబడినంతసేపూ మళ్లీ రుద్దుతూనే ఉండాలి.

బిగింపు. రింగుని బోరులో పెట్టి, పిస్టన్‌తో తిన్నగా తోసి, మూతి సందు కొలవండి. పై రింగు 0.40 నుంచి 0.70, రెండోది, ఆయిల్ రింగు 0.25 నుంచి 0.55. మెయిన్ క్యాపులు మూడు విడతలు: 60, 119, 176 న్యూటన్ మీటర్లు. రాడ్ బోల్టులు 35, 70, 100. ఒక్కో క్యాపు బిగించాక క్రాంక్ చేత్తో తిప్పి చూడండి. ఎక్కడ బరువెక్కిందో అక్కడే ఆగి విప్పండి. అన్నీ బిగించాక వెతకడం నరకం.

ముందు టైమింగ్ గేర్ల కవర్ తీసి ఉంటుంది కాబట్టి ఒక చిన్న పని. హౌసింగ్‌ని బ్లాకుతో కలిపే ఒక డవెల్ పిన్ను అదురుకి వదులై గేర్లలో పడొచ్చు. అమెరికాలో 1989 నుంచి 1998 దాకా డాడ్జ్ పికప్పుల్లో ఇదే 12 వాల్వుల ఇంజిన్. అక్కడ దీనికి ‘కిల్లర్ డవెల్ పిన్’ అని పేరే పెట్టారు. అటువైపు ఉండి ఆ పికప్ వాడుతున్న మనవాళ్లు ఉంటే తప్పకుండా చూసుకోండి. పక్క బోల్టు కింద ఒక చిన్న రేకు పట్టీ పిన్ను మూతికి అడ్డంగా వచ్చేలా బిగిస్తే చాలు.

ఇప్పుడు హెడ్. కెమెరా ఇక్కడ పెడుతున్నాను, ఈ బోల్టు రంధ్రంలోకి చూడండి. అడుగున నూనె మెరుస్తోంది కదా? ఇది మూసుకుపోయిన రంధ్రం, కిందకి దారి లేదు. ఇలాగే బోల్టు బిగిస్తే నూనె నొక్కుకుపోయి బోల్టుకి ఎదురు తంతుంది. టార్క్ రెంచ్ ‘టిక్’ మంటుంది, హెడ్ మాత్రం బిగియదు. బ్లాకు పగిలినా పగులుతుంది. ఒక్కో రంధ్రం గాలి కొట్టి, బట్ట చుట్టిన పుల్లతో తుడిచి, పొడి చేయండి. నూనె రాయాల్సింది బోల్టు మరకీ, తల కిందకీ, అదీ పల్చగా. గ్యాస్కెట్‌కి అనాబాండ్, షెల్లాక్, గ్రీజు ఏదీ వద్దు. పొడిగానే కూర్చోవాలి.

మధ్య నుంచి మొదలుపెట్టి మాన్యువల్ వరస ప్రకారం బయటికి. మొదట 26 బోల్టులూ 90 న్యూటన్ మీటర్లు. తర్వాత పొడవాటి ఆరు మాత్రమే 120. మళ్లీ ఒకసారి సరిచూసి, చివరగా ఒక్కో బోల్టు తల మీద పెయింటు చుక్క పెట్టి, అన్నిటినీ పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు తిప్పాలి. రాకర్ స్టాండ్ల చిన్న బోల్టులకి 24 న్యూటన్ మీటర్లు. ఇలా కోణంతో బిగించిన హెడ్డుని ఐదొందల కిలోమీటర్లకి మళ్లీ టైట్ చేయడం పాత ఇంజిన్ల అలవాటు. దీనికి అవసరం లేదు.

టాపెట్ సందులు, అంటే వాల్వుకీ రాకర్‌కీ మధ్య ఖాళీ, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే పెట్టాలి. ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.51. ఒకటో సిలిండర్ కంప్రెషన్ పైన ఉండగా టైమింగ్ పిన్ను లోపలికి తోసి గుర్తు పట్టి, పిన్నుని వెంటనే వెనక్కి లాగేయండి. మరిచిపోయి తిప్పితే విరుగుతుంది. ఆ స్థితిలో పెట్టాల్సినవి: ఒకటో సిలిండర్‌వి రెండు వాల్వులూ, 2 ఇన్‌లెట్, 3 ఎగ్జాస్ట్, 4 ఇన్‌లెట్, 5 ఎగ్జాస్ట్. క్రాంక్ ఒక పూర్తి చుట్టు తిప్పి 2 ఎగ్జాస్ట్, 3 ఇన్‌లెట్, 4 ఎగ్జాస్ట్, 5 ఇన్‌లెట్, ఆరో సిలిండర్‌వి రెండూ. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4.

స్టార్టింగ్. టర్బో ఆయిల్ పైపు విప్పి అందులో కొంచెం ఆయిల్ పోసి బిగించండి. డీజిల్ ఆపి ఉంచి, ఆయిల్ గేజ్ లేచేదాకా సెల్ఫ్ కొట్టండి, మధ్యలో సెల్ఫ్ మోటారుకి విశ్రాంతి ఇస్తూ. కూలెంట్ మెల్లగా పోయండి, గబగబా పోస్తే హెడ్డులో గాలి చిక్కుకుంటుంది. స్టార్ట్ అయ్యాక గంటల తరబడి ఐడిల్‌లో వదిలేయకండి. రింగులు బోరుకి కూర్చోవాలంటే లోడు ఉండాలి. ఊరికే తిప్పితే బోరు నున్నబడి తర్వాత ఆయిల్ తాగుతుంది. వేడెక్కగానే లీకులు చూసుకుని, సగం లోడుతో రోడ్డెక్కించండి. తిరిగొచ్చాక పూర్తిగా చల్లారనిచ్చి రేడియేటర్ మూత తీయండి. మొదటి రోజు మట్టం కాస్త దిగితే అది గాలి పోయిన చోటు, నింపండి. రెండో రోజు కూడా అంతే దిగితే బండి ఆపి ముందు చెప్పిన కంప్రెసర్ పైపుల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.