లినక్స్ లాప్‌టాప్ చెప్పాపెట్టకుండా ఆరిపోతోందా? లో బ్యాటరీ వార్నింగ్, ఆటో హైబర్నేట్ సరిచేద్దాం

అందరికీ నమస్కారం, వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ మీకు స్క్రీన్ మీద కనిపించే లాప్‌టాప్ నాది కాదండి, మా పిన్నిగారబ్బాయిది. మద్దిలపాలెంలో రూమ్ తీసుకుని చదువుకుంటున్నాడు. సెకండ్ హ్యాండ్‌లో కొని లినక్స్ వేసుకున్నాడు. వాడి గోల ఒక్కటే: "అన్నయ్యా, 15 శాతం ఉందనే చూపిస్తుంది, టక్కున ఆరిపోతుంది. వార్నింగ్ లేదు, పాడూ లేదు. హైబర్నేట్ అవుతుందన్నావు, ఏదీ?" హైబర్నేట్ అంటే మెమరీలో ఉన్నదంతా డిస్క్‌లో దాచి పూర్తిగా ఆరిపోవడం, ఆన్ చేస్తే వదిలినచోటి నుంచే మొదలవడం.

ఇలాంటప్పుడు చాలామంది నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ వరసగా కొట్టేస్తారు. మనం అలా చేయొద్దు. ముందు లాప్‌టాప్ ఎలా పోయిందో చూద్దాం. ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి, టెర్మినల్ తెరవండి. జర్నల్‌సీటీఎల్, స్పేస్, మైనస్ బీ, స్పేస్, మైనస్ ఒకటి, స్పేస్, మైనస్ ఈ. అంటే పోయినసారి ఆన్ చేసినప్పటి, అదే బూట్ తాలూకు లాగ్‌లో, సిస్టమ్ రాసుకునే చిట్టాలో చివరి పేజీ. అక్కడున్న ఆఖరి పది పదిహేను లైన్లు చదివితే సగం పని అయిపోయినట్టే.

లాగ్ మధ్యలో తెగిపోయి, చివరి లైను ఏ వైఫైదో బ్రౌజర్‌దో అయితే కరెంటే ఆగిపోయిందన్నమాట. లినక్స్‌కి ఏమీ చేసే టైమే దొరకలేదు. అలా కాకుండా సర్వీసులు ఒక్కొక్కటే ఆగుతూ, చివర్లో పవర్ ఆఫ్ అని పద్ధతిగా ముగిస్తే, అది ఆరిపోవడం కాదు, సిస్టమ్ తనంతట తానే షట్‌డౌన్ చేసుకుంది. ఇక మూడోది: చివర్లో హైబర్నేషన్ ఎంట్రీ అని కనిపించి, ఆ తర్వాత కొత్త బూట్ మొదలైతే, హైబర్నేట్ బాగానే అయింది, తిరిగి లేవడమే రాలేదు. చూసేవాడికి మూడూ ఒకేలా ఉంటాయి, "సేవ్ చేయని ఫైల్ పోయింది" అని. మందు మాత్రం దేనికదే.

మావాడి లాగ్ చూడండి. మధ్యలో తెగింది. అంటే అనుమానం బ్యాటరీ మీదే. యూపవర్, స్పేస్, మైనస్ డీ కొట్టండి. బ్యాటరీ వివరాల్లో ఎనర్జీ ఫుల్ 23.1 వాట్-అవర్లు, దాని కింద ఎనర్జీ ఫుల్ డిజైన్ 45. కొత్తలో పట్టిన ఛార్జ్‌లో ఇప్పుడు సగమే పడుతోంది. అక్కడే కెపాసిటీ 51 శాతం అని ఉంది చూశారా, అది బ్యాటరీ ఆరోగ్యం, ఇప్పుడున్న ఛార్జ్ కాదు. ఛార్జ్ అంటే పైనున్న పర్సెంటేజ్. తమాషా ఏంటంటే స్లాష్ సిస్, స్లాష్ క్లాస్, స్లాష్ పవర్ సప్లై, స్లాష్ బ్యాట్ జీరో ఫోల్డర్లో కెపాసిటీ అనే ఫైలే ఉంటుంది, అందులో ఉండేది మాత్రం ఛార్జ్. ఒకే పేరు, రెండు లెక్కలు. స్క్రిప్ట్ రాసేవాళ్ళు ఇక్కడ తడబడతారు.

మరి 15 శాతం ఉండగా ఎందుకు పోతుంది? సెల్స్ పాతబడేకొద్దీ వాటి ఇంటర్నల్ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఒక్కసారిగా లోడ్ పడితే, అంటే వీడియో పెట్టినా, ఏదైనా కంపైల్ చేసినా, వోల్టేజ్ గభాల్న కిందికి జారుతుంది. బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ వెంటనే కట్ చేసేస్తుంది. డాబా మీద నీళ్ళ ట్యాంకులో అడుగున మడ్డి పేరుకుంటే, మట్టం చూసి ఇంకో నాలుగు బకెట్లు ఉన్నాయనుకుంటాం, కుళాయి మాత్రం అప్పుడే ఆగిపోతుంది. ఆ 15 శాతం అలాంటిదే.

ఇప్పుడు ఈ వార్నింగ్ పంపేదెవరో చూద్దాం. కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, ఇందాకటి స్లాష్ సిస్ ఫైళ్ళలో అంకెలు పెడుతుంది, అంతవరకే దాని పని. వాటిని చదివి "తగ్గింది, బాగా తగ్గింది, ఇక ఆపేయాలి" అని తేల్చేది యూపవర్ అనే సర్వీసు. మనకి నోటిఫికేషన్ చూపించేది డెస్క్‌టాప్: గ్నోమ్‌లో దాని సెట్టింగ్స్ డీమన్, కేడీఈలో పవర్‌డెవిల్. ఐత్రీ, స్వే లాంటి తేలికపాటి విండో మేనేజర్లు వాడేవాళ్ళకి చూపించడానికి ఎవరూ లేరు, మీరే పెట్టుకోవాలి. దాని సంగతి తర్వాత చెప్తాను.

యూపవర్ సెట్టింగ్స్ ఉండేది స్లాష్ ఈటీసీ, స్లాష్ యూపవర్, స్లాష్ యూపవర్ డాట్ కాన్ఫ్‌లో. యూ, పీ రెండూ పెద్దక్షరాలు, ట్యాబ్ కొట్టి నింపుకోండి. ఇందులో పర్సెంటేజ్ లో 20, పర్సెంటేజ్ క్రిటికల్ 5, పర్సెంటేజ్ యాక్షన్ 2 అని ఉంటాయి. పాత వెర్షన్లలో 10, 3, 2. మావాడిది పాతదే, అందుకే 15 దాకా వార్నింగే రాలేదు. ఆలోచించండి, 15 దగ్గరే పోయే బ్యాటరీకి 2 శాతం అనే రోజు ఎప్పుడొస్తుంది? అందుకే మావాడికి 30, 20, 18 పెడుతున్నాను. ఒక షరతు ఉంది: మూడూ పైనుంచి కిందికి తగ్గుతూ రావాలి. ఎక్కడైనా తిరగబడితే మీరు రాసినవన్నీ పక్కన పెట్టి డిఫాల్ట్‌లు తీసుకుంటుంది. అలాగే యూజ్ పర్సెంటేజ్ ఫర్ పాలసీ అనేది ట్రూ ఉందో లేదో చూడండి. ఫాల్స్ ఉంటే శాతం కాదు, మిగిలిన టైము అంచనాతో నడుస్తుంది. పాత బ్యాటరీకి ఆ అంచనా అసలు నిలకడగా ఉండదు.

ఇంకొంచెం కిందికి రండి. క్రిటికల్ పవర్ యాక్షన్ ఈజీక్వల్టు హైబ్రిడ్ స్లీప్. మెమరీ మొత్తాన్ని డిస్క్‌కి రాసి, ఆపైన సస్పెండ్ అవడం, అంటే ర్యామ్‌కి మాత్రం కరెంటిస్తూ నిద్రపోవడం. మరి డిస్క్‌కి రాయడం మీ మెషీన్‌లో కుదరకపోతే? ఫైల్లోనే రాసుంది: హైబ్రిడ్ స్లీప్ కుదరకపోతే హైబర్నేట్, అదీ కుదరకపోతే పవర్ ఆఫ్. మిమ్మల్ని ఒక్క మాట అడగదు. ఇందాక చెప్పానే, పద్ధతిగా షట్‌డౌన్ అయిన లాగ్, దాని కథ చాలావరకు ఇదే. మీ మెషీన్‌లో నిజంగా ఏం జరుగుతుందో యూపవర్ మైనస్ డీ అవుట్‌పుట్ చివర్లో క్రిటికల్ యాక్షన్ దగ్గర ఉంటుంది. ఇక్కడ పవర్ ఆఫ్ అని ఉంది. అంటే మావాడికి బ్యాటరీ బాగున్నా హైబర్నేట్ అయ్యేది కాదు. రెండు జబ్బులు, ఒకటి ఇంకోదాన్ని కప్పేసింది.

సరే, హైబర్నేట్ సంగతి. ముందు చేత్తో కొట్టి పనిచేయించాలి, ఆటోమేటిక్ తర్వాత. క్యాట్, స్లాష్ సిస్, స్లాష్ పవర్, స్లాష్ స్టేట్. అందులో డిస్క్ అనే మాట ఉండాలి. లేకపోతే ఎక్కువసార్లు కారణం సెక్యూర్ బూట్, అంటే సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే బయాస్ సెట్టింగ్. అది ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల్లో కెర్నల్ లాక్‌డౌన్ హైబర్నేషన్‌ని ఆపేస్తుంది. బయాస్‌లోకి వెళ్ళి తీసేస్తే వస్తుంది. ఆఫీసు లాప్‌టాప్ అయితే తీయకండి, పవర్ ఆఫ్‌తోనే సర్దుకుని ఆ శాతాలు ఇంకాస్త పైకి పెట్టుకోండి.

తర్వాత స్వాప్, అంటే హైబర్నేట్ అయ్యేటప్పుడు మెమరీని దాచే చోటు. స్వాప్‌ఆన్, మైనస్ మైనస్ షో కొట్టండి. జీర్యామ్ ఒక్కటే కనిపిస్తే హైబర్నేట్ అవదు. జీర్యామ్ ఉండేది ర్యామ్‌లోనే కదా, కరెంటు పోతే అదీ పోతుంది. ఫెడోరా 33 నుంచి డిఫాల్ట్ అదే. మావాడికి స్వాప్ ఫైలైతే ఉంది, 2 జీబీ. ర్యామ్ 8. కెర్నల్ కుదించి రాస్తుంది నిజమే, అయినా బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిచే మనిషికి 2 చాలదు. 8 చేసేద్దాం, డిస్క్‌లో చోటుంది.

స్వాప్‌ఆఫ్ చేసి పాత ఫైల్ తీసేశాను. డీడీతో 8192 ఎంబీ కొత్త ఫైల్. సీహెచ్‌మాడ్ 600. ఎమ్‌కేస్వాప్. ఆగండి, ఇక్కడ జాగ్రత్త. ఎమ్‌కేస్వాప్ ఒక యూయూఐడీ, అంటే గుర్తింపు నంబరు, ప్రింట్ చేసింది కదా, అది మనకి అక్కర్లేదు! స్వాప్ ఫైల్‌తో హైబర్నేట్ చేసేవాళ్ళకి కావాల్సింది ఆ ఫైల్ కూర్చున్న పార్టిషన్ యూయూఐడీ. దానికి ఫైండ్‌మౌంట్ కమాండ్ స్క్రీన్ మీద ఉంది. స్వాప్‌ఆన్ చేసి, ఇప్పుడు ఫైల్‌ఫ్రాగ్, స్పేస్, మైనస్ వీ, స్పేస్, స్లాష్ స్వాప్‌ఫైల్. మొదటి వరసలో ఫిజికల్ ఆఫ్‌సెట్ కింద మొదటి అంకె, రెండు చుక్కలకి ముందున్నది. అదే ఆఫ్‌సెట్, డిస్క్‌లో ఆ ఫైల్ మొదలయ్యే చోటు. రాసుకోండి. ఇది ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ వాళ్ళ లెక్క. బీటీఆర్ఎఫ్ఎస్‌లో ఫైల్‌ఫ్రాగ్ ఇచ్చే అంకె పనికిరాదు, దాని సొంత కమాండ్ ఇన్‌స్పెక్ట్-ఇంటర్నల్ మ్యాప్-స్వాప్‌ఫైల్ వాడాలి.

ఈ రెండూ బూట్‌లోడర్ అయిన గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్లో, అంటే స్లాష్ ఈటీసీ, స్లాష్ డీఫాల్ట్, స్లాష్ గ్రబ్‌లో, కెర్నల్ లైన్ చివర చేర్చండి: రెజ్యూమ్ ఈజీక్వల్టు యూయూఐడీ ఈజీక్వల్టు, ఆ పార్టిషన్ నంబరు; పక్కనే రెజ్యూమ్ అండర్‌స్కోర్ ఆఫ్‌సెట్ ఈజీక్వల్టు, ఆ అంకె. ఉబుంటు, డెబియన్ వాళ్ళు అప్‌డేట్-గ్రబ్, ఆ తర్వాత అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ మైనస్ యూ. రీబూట్. మూడో రకం లాగ్ వచ్చినవాళ్ళకి, హైబర్నేట్ అయ్యి లేవనివాళ్ళకి, తప్పు చాలాసార్లు ఈ ఒక్క లైనులోనే ఉంటుంది. రేపెప్పుడైనా స్వాప్ ఫైల్ తీసేసి మళ్ళీ చేస్తే ఆఫ్‌సెట్ మారిపోతుంది, గుర్తుంచుకోండి.

టెక్స్ట్ ఎడిటర్లో ఏదో ఒకటి టైప్ చేసి, సేవ్ చేయకుండా, సిస్టమ్‌సీటీఎల్ హైబర్నేట్. ఆరింది. లైటు కూడా లేదు. పవర్ బటన్... గ్రబ్... వచ్చింది. టైప్ చేసిన ముక్క అలాగే ఉంది.

ఇక ఆటోమేటిక్. దీన్ని టెస్ట్ చేయడానికి బ్యాటరీ అడుగంటే దాకా కూర్చోనక్కర్లేదు. ఇప్పుడు 62 శాతం ఉంది. యూపవర్ డాట్ కాన్ఫ్‌లో 61, 60, 59 పెట్టి, సూడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ యూపవర్. క్రిటికల్ యాక్షన్ ఇప్పుడు హైబ్రిడ్ స్లీప్ అని మారింది చూడండి. నేనైతే దాన్ని హైబర్నేట్ అని మార్చేస్తాను. చావుకి దగ్గరపడ్డ బ్యాటరీని మళ్ళీ సస్పెండ్‌లో ఉంచడం దేనికి? ఛార్జర్ పీకి, ఏదైనా వీడియో నడిపించండి. 61కి మొదటి నోటిఫికేషన్, 60కి ఎర్రది. 59 రాగానే ఆరదు, కంగారు పడకండి, యూపవర్ సుమారు 20 సెకన్లు ఆగి అప్పుడు పని మొదలుపెడుతుంది. పోయింది. లేపాక మొదటి పని 30, 20, 18 తిరిగి పెట్టి యూపవర్ రీస్టార్ట్ చేయడం. మర్చిపోయారో, రోజూ 59కి నిద్రపోతుంది!

ఐత్రీ, స్వే వాళ్ళకి క్లుప్తంగా. నిమిషానికోసారి కెపాసిటీ, స్టేటస్ ఫైళ్ళు చదివి నోటిఫై-సెండ్ పంపే చిన్న స్క్రిప్ట్ స్క్రీన్ మీద ఉంది. దాన్ని సిస్టమ్‌డీ టైమర్‌తో నడపండి, అదీ మైనస్ మైనస్ యూజర్‌తో. రూట్ క్రాన్‌లో పెడితే మెసేజ్ మీ సెషన్‌కి చేరదు. యూడెవ్ రూల్, అంటే హార్డ్‌వేర్‌లో మార్పు రాగానే నడిచే నియమం, రాయమని కొందరు చెప్తారు. అది బ్యాటరీ ఒక్కో శాతానికీ కెర్నల్‌కి కబురు పంపే మెషీన్లలోనే పనిచేస్తుంది. అన్ని లాప్‌టాప్‌లూ పంపవు.

ఇంకొకటి మిగిలింది, మూత. మూత వేస్తే లాప్‌టాప్ సస్పెండ్ అవుతుంది. సస్పెండ్‌లో యూపవర్ కూడా నిద్రపోతుంది, కాబట్టి మనం ఇప్పటిదాకా పెట్టిన శాతాలు చూసేవాడే ఉండడు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సెక్కేటప్పుడు 25 శాతంతో మూత వేసి బ్యాగులో పెడితే, దిగేసరికి అయిపోవచ్చు. అందుకని మూత సంగతి చూసుకునే లాగిన్‌డీ సర్వీసు సెట్టింగ్స్, లాగిన్‌డీ డాట్ కాన్ఫ్‌లో హ్యాండిల్ లిడ్ స్విచ్‌ని సస్పెండ్-దెన్-హైబర్నేట్ చేయండి. స్లీప్ డాట్ కాన్ఫ్‌లో హైబర్నేట్ డిలే సెక్ 45 నిమిషాలు. కేడీఈలో ఇదే ఆప్షన్ పవర్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, అక్కడే మార్చుకోండి. లాగిన్‌డీని నడుస్తుండగా రీస్టార్ట్ చేయకండి, తెరిచి ఉన్న సెషన్ పోవచ్చు, రీబూట్ చేసేయండి. టెస్ట్‌కి మాత్రం 45 బదులు 2 నిమిషాలు పెట్టి మూత వేయండి. లైటు మినుకుమంటూ ఉండి, రెండు నిమిషాల తర్వాత ఒక్కసారి మేలుకుని పూర్తిగా ఆరిపోవాలి. ఆరితే 45కి మార్చేయండి. ఆరకపోతే మళ్ళీ జర్నల్‌సీటీఎల్ తెరిచి, సిస్టమ్‌డీ సస్పెండ్-దెన్-హైబర్నేట్ సర్వీస్ ఏమందో చూడండి.