సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు: స్మాల్ సెల్ చేసే పనేంటి?

సాయంత్రం ఆరున్నర, అమీర్‌పేట మెట్రో మెట్ల కింద. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉన్నాయి. టీ బండి దగ్గర యూపీఐ పేమెంట్ మాత్రం చక్రంలా తిరుగుతూనే ఉంది. వెంటనే ఎవరో ఒకరు అంటారు: "టవర్ పవర్ పెంచితే సరిపోద్ది కదా!" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ గీతలు టవర్ గొంతు మీకెంత గట్టిగా వినబడుతోందో చెబుతాయి. మీ ముందు ఎంతమంది లైన్లో ఉన్నారో చెప్పవు.

పెళ్లిలో బంతి భోజనాలు అనుకోండి. 300 ఆకులు, సాంబారు బకెట్ ఒకటే, వడ్డించే మనిషి ఒక్కడే. "సాంబార్, సాంబార్" అని వాడు ఎంత గట్టిగా అరిస్తే ఏం లాభం? ఆఖరి ఆకు దాకా వినబడుతుంది, ఆకులో మాత్రం పడదు.

[స్క్రీన్ మీద లెక్క]

టవర్ మీద మామూలుగా మూడు సెక్టార్లు ఉంటాయి, అంటే ఒక్కో దిక్కుకు ఒకటి. ఒక సెక్టార్‌లో 20 మెగాహెర్ట్జ్ 4జీ, రెండు యాంటెన్నాలు ఉంటే కాగితం మీద 150 ఎంబీపీఎస్. అది ఎదురుగా ఒక్కడే నిలబడి వాడితే. దూరంవాళ్లు, గోడల వెనకవాళ్లు కలిస్తే సగటున 30, 40 వస్తే గొప్ప. 300 మంది ఒకేసారి లాగితే తలకు 100 కేబీపీఎస్ పైచిలుకు, అంతే.

అసలు కీలకం ఆ గోడ వెనకవాళ్లే. సిగ్నల్ బలహీనంగా ఉన్నవాడికి అదే ఫొటో పంపడానికి టవర్ ఎన్నో రెట్లు ఎక్కువ సమయం ఖర్చుపెట్టాలి. బంతి చివర మూల కూర్చున్నాయనకి గరిటె చాచి చుక్కచుక్కగా పోస్తున్నట్టు. ఆ కాసేపూ మిగతా ఆకులన్నీ ఖాళీ. స్మాల్ సెల్ అంటే గోడకో స్తంభానికో బిగించే, చిన్న టవర్ లాంటి డబ్బా. సరిగ్గా ఆ మూలలో నిలబడే రెండో మనిషి, చేతిలో చిన్న బకెట్‌తో.

ఎంత చిన్నదంటే, టవర్ రేడియో ఒక్కో పోర్టుకు 20 నుంచి 40 వాట్లు పంపుతుంది. స్మాల్ సెల్స్‌లో గోడకు బిగించే రకం పికో. దానికి మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ 3జీపీపీ పెట్టిన హద్దు 24 డీబీఎం, అంటే పావు వాట్. స్తంభానికి బిగించే మైక్రో 38 డీబీఎం దాకా, ఆరు వాట్లకు కాస్త ఎక్కువ. గొంతు చిన్నది కావడమే దీని బలం. వీధి మలుపు అవతల ఇంకో సెల్ అదే స్పెక్ట్రమ్‌ను మళ్లీ వాడుకోవచ్చు.

దగ్గర్లో పెడితే రేడియేషన్ అని భయపడేవాళ్లు ఒకటి గమనించాలి. మీ చెవికి ఆనుకుని ఉండేది మీ ఫోన్. దూరపు టవర్‌కు వినబడాలని అది 200 మిల్లీవాట్ల దాకా అరుస్తుంది. సెల్ దగ్గరుంటే తనే గొంతు తగ్గించుకుంటుంది. బ్యాటరీ కూడా మిగులుతుంది.

మరి ఎక్కడ చెడుతుంది? మొదటిది, వెనక ఫైబర్. డబ్బా బిగించి పాత కాపర్ లైన్ తగిలిస్తే, వంటశాల నుంచి సాంబారు రాకుండా మనుషుల్ని మాత్రం పెంచినట్టే. రెండోది, ఫోన్ మామూలుగా గట్టి గొంతు వైపే పోతుంది. పికో పక్కనే ఖాళీగా ఉన్నా టవర్‌కే అతుక్కుంటుంది. అందుకే పికోకు 6 నుంచి 9 డీబీ మొగ్గు ఇస్తారు, అంటే ఎంచుకునేటప్పుడు దాని సిగ్నల్‌ను ఉన్నదానికంటే అంత గట్టిదిగా లెక్కేస్తారు. అలా మళ్లించిన ఫోన్లకు టవర్ హోరు అడ్డొస్తుంది కాబట్టి, కొన్ని సబ్‌ఫ్రేముల్లో, అంటే మిల్లీసెకండ్ పాటి సమయపు ముక్కల్లో, టవర్ దాదాపు మౌనంగా ఉండాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. 2300, 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో సెల్ ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా మాట్లాడుతుంది, వింటుంది. అందుకే పక్కపక్క సెల్స్ గడియారాలు 3 మైక్రోసెకండ్ల లోపు కలవాలి. లేకపోతే ఒకటి వినేటప్పుడు ఇంకోటి మాట్లాడుతుంది. ఆ గడియారాలు మామూలుగా జీపీఎస్ చూసి కలుపుకుంటారు. మెట్రో వయాడక్ట్ (పట్టాల వంతెన) కింద జీపీఎస్‌కు ఆకాశం సరిగా కనబడదు, అక్కడ ఫైబర్ మీదే టైమింగ్ ఇవ్వాలి. కరెంటు ఈథర్‌నెట్ కేబుల్‌లోనే ఇస్తే 100 మీటర్లు దాటకూడదు. యూపీఎస్ మర్చిపోవద్దు. స్తంభాల అద్దె పెద్ద అడ్డంకి కాదు: 2022 ఆగస్టులో కేంద్రం టెలికాం రైట్ ఆఫ్ వే నిబంధనలు సవరించి పట్టణాల్లో స్తంభానికి ఏడాదికి 300 రూపాయలు, పల్లెల్లో 150 అని పెట్టింది.

మీ చోట ఏ సమస్యో తేల్చుకోవాలంటే ఫోన్‌లో సిగ్నల్ అంకెలు చూపే ఫీల్డ్ టెస్ట్ తెరవండి, ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేయాలి. ఆర్ఎస్ఆర్‌పీ (సిగ్నల్ బలం) మైనస్ 80 ఉండి ఆర్ఎస్ఆర్‌క్యూ (సిగ్నల్ నాణ్యత) మైనస్ 15కి పడిపోతే, అది రద్దీ లేదా పక్క సెల్స్ గోల. ఆర్ఎస్ఆర్‌పీయే మైనస్ 115 ఉంటే కవరేజీ లేదు. కంప్లయింట్‌లో ఆ రెండు అంకెలూ, టైమూ, చోటూ రాయండి.