జీరో డ్రాప్ షూ: లేసు ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి

నమస్తే అండి, అందరూ బాగున్నారా? మా డాబా మీద కూర్చుని చేస్తున్నాను ఈ వీడియో. మధ్యలో బరబరా చప్పుడొస్తే ఏటీ అనుకోకండి, సాయంత్రం అయ్యేసరికి కళింగపట్నం వైపు నుంచి గాలి కొడతాది మాకు. మైకుకి స్పాంజి ముక్క కట్టాను, చూద్దాం.

పోయిన వీడియోలో మా శ్రీకాకుళం జిల్లా సాలిహుండం కొండ ఎక్కాను కదా. ఆ కొండ మీద బౌద్ధ స్తూపాలు ఉన్నాయని 1919లో బయటపెట్టింది మన గిడుగు రామ్మూర్తి పంతులు గారు, వాడుక భాష పంతులు గారే, అని అంత కష్టపడి చెప్పాను. ఒక్కరూ పట్టించుకోలేదు. అందరూ అడిగింది ఒకటే: "అన్నా, ఆ బాతుకాళ్ళ షూ ఏటన్నా?" అని. బాతుకాళ్ళంట! సరే, పైనుంచి చూపిస్తాను చూడండి. ఇదిగో. నిజమే, బాతు పాదంలాగే ఉంది.

ఇది ట్రైల్ షూ, అంటే కొండదారుల్లో, మట్టిబాటల్లో పరిగెత్తడానికి చేసింది. ముందు భాగం వెడల్పు, అడుగున మెత్త, డ్రాప్ సున్నా. డ్రాప్ అంటే ఏటంటే, ఇదిగో స్కేలు పెడుతున్నాను. మడమ కింద ఎంత మందం ఉంది, వేళ్ళ కింద ఎంత మందం ఉంది, ఆ రెండిటికీ తేడా. అంతే. మామూలు రన్నింగ్ షూలో మడమ 8, 10, కొన్నిట్లో 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటాది. ఇందులో రెండూ ఒకటే. ఆల్ట్రా వాళ్ళ లోన్ పీక్ తీసుకోండి, వెనకా 25, ముందూ 25. అదే కంపెనీ ఒలింపస్ అయితే 33, 33. అంటే జీరో డ్రాప్ అంటే అడుగు పల్చగా ఉంటాదని కాదు. ఇది చాలామందికి తిరకాసు. "అన్నా, జీరో అంటే రాళ్ళు గుచ్చుకోవా?" అంటారు. గుచ్చుకోవు తమ్ముడూ, సోలు ఉంది, బాగానే ఉంది, మడమ మాత్రం ఎత్తులో లేదు.

ఇంకా తేలిగ్గా చెప్పాలా? ఇదిగో, మా నాన్న హవాయి చెప్పు. మడమ దగ్గరా అదే మందం, వేళ్ళ దగ్గరా ఇంచుమించు అదే. వేళ్ళని నొక్కే గోడ లేదు. ఈ షూ ధర చెప్పినప్పుడు నాన్న ఏటన్నారంటే, "నలభై ఏళ్ళ నుంచి నేనేసుకుంటున్నదీ ఇదే కదరా, దీనికి అంత డబ్బులేటి" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఈ షూ పుట్టుక కూడా అలాంటిదే. అమెరికాలో యూటా అని ఒక రాష్ట్రం, అక్కడ గోల్డెన్ హార్పర్ అని ఒకాయన, వాళ్ళింట్లో వాళ్ళది రన్నింగ్ షూల కొట్టు. ఆయన మామూలు షూలని టోస్టర్ ఓవెన్‌లో పెట్టి, జిగురు కరిగించి, అడుగు ఊడదీసి, ఎత్తు మడమ తీసేసి సమానంగా చేయించేవాడు. అలా ఆల్ట్రా వచ్చింది. మీరు ఇంట్లో చేయకండి, వారంటీ పోతాది, ఓవెనూ పోతాది.

ఒక్క మాట. పెట్టె మీద పేరు చూసి కొనేయకండి. ఆల్ట్రాలోనే ఎక్స్‌పీరియన్స్ అని 4 మిల్లీమీటర్ల డ్రాపువి వచ్చాయి. టోపో వాళ్ళవి ముందు వెడల్పుగా ఉంటాయి, కానీ ట్రైల్ మోడళ్ళు చాలావాటికి 3, 5 అలా ఉంటాది. ఆ అంకె చదవండి. చదివి కొనండి.

సరే, కొలతలు. ఇది గబగబా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే. పేపరు నేల మీద పరవండి, నిలబడండి, కూర్చోకూడదు, బరువు పడాలి. పెన్సిలు నిటారుగా పట్టుకుని గీయండి. నా కోసం మా చెల్లెలు గీస్తోంది, ఎందుకంటే మనం వంగితే బరువు మారిపోతాది. సాయంత్రం పూట గీయండి, పొద్దున్న పాదానికీ సాయంత్రం పాదానికీ తేడా ఉంటాది. రెండు కాళ్ళూ గీయండి. నాకు ఎడమది పెద్దది. పెద్దదాని లెక్కే తీసుకోవాలి. టేపు పెట్టండి, టైలరు టేపు. ఫోన్‌లో కొలిచే యాప్‌లు ఉన్నాయి, నేను వాడను, ఒక్కోసారి ఒక్కో లెక్క చెప్తాది.

షూ వచ్చాక లోపలి ఇన్‌సోల్ బయటికి తీయండి. ఇలా. దాని మీద నిలబడండి. వేళ్ళు పక్కకి పొంగి బయటికి రాకూడదు, పొడుగు వేలుకి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. పొడుగు వేలు అన్నాను, బొటనవేలు అనలేదు. నాకు రెండోదే పొడుగు, చూడండి. అయిపోయింది, తర్వాత.

ఇప్పుడు అసలు సంగతి. లేసులు. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే నేను బోర్లా పడింది ఇక్కడే.

మొదటి జత వచ్చిన రోజు. నా సైజే తెప్పించాను, తొమ్మిది. వేసుకున్నాను. వేళ్ళు స్వర్గంలో ఉన్నాయి. రెండడుగులు వేశానో లేదో, మడమ చెప్పులో లాగ పైకీ కిందకీ లేస్తోంది. నేనేటనుకున్నాను? లూజు అనుకున్నాను. ఏం చేశాను? ముందు నుంచీ లేసులు బలంగా లాగేశాను. ఈ కింద వరసలు, వేళ్ళ దగ్గరవి, ఇవీ లాగేశాను. షూ ముందు భాగం ముడతలు పడిపోయింది. ఇలా, ఇదిగో చూపిస్తున్నాను చూడండి, ఇలా మడత. రెండు కిలోమీటర్లకి పాదం పైన తిమ్మిరి. మడమ మాత్రం ఆడుతూనే ఉంది.

అప్పుడైనా బుద్ధి రావాలి కదా? రాలేదు. వెనక్కిచ్చేసి అర సైజు తక్కువ తెప్పించాను. ఎనిమిదిన్నర. మడమ కుదురుకుంది. ఆహా అనుకుని ఆదివారం సాలిహుండం వెళ్ళాను. ఎక్కేటప్పుడు బాగుంది. దిగేటప్పుడు, ఆ దిగుడులో ప్రతి అడుక్కీ టక్, టక్, రెండో వేలు వెళ్ళి షూ గోడకి కొట్టుకుంటోంది. ఇంటికొచ్చి విప్పితే గోరు నేరేడు పండు రంగు. ఫొటో పెడుతున్నాను, తినేవాళ్ళు ఐదు సెకన్లు కళ్ళు మూసుకోండి. వెడల్పు షూ కొనుక్కుని, గోరు పోగొట్టుకున్న మహానుభావుణ్ణి నేను.

తప్పెక్కడంటే, మామూలు ఇరుకు షూలో ముందు భాగమే పాదాన్ని నొక్కి పట్టుకుంటాది. మనం లేసు ఎలా కట్టినా నడిచిపోతాది. ఇందులో ముందు పట్టేది ఏదీ లేదు, కావాలనే లేదు. మరి పాదాన్ని పట్టుకునే పని ఎవరిది? పాదం నడుమిది, మడమది. ఇదిగో ఈ పాదం వంపు, ఇదిగో ఈ చీలమండ ముందు. ముందు వదలాలి, వెనక బిగించాలి. నేను సరిగ్గా తిరగేసి చేశాను.

ఇప్పుడు కడదాం. లేసు మొత్తం వదులు చేసేయండి, మొహమాటం లేకుండా. కాలు పెట్టండి. పెట్టాక వేళ్ళు పైకెత్తి, మడమ నేల మీద టప్ టప్ టప్ మూడుసార్లు కొట్టండి. మడమ వెళ్ళి వెనక గిన్నెలో కూర్చోవాలి. ఇది మానేస్తే మిగతాదంతా దండగ. నేను పాదం బల్లపరుపుగా పెట్టి కట్టేవాణ్ణి, మడమ అరంగుళం ముందుకే ఉండిపోయేది.

మడమ కూర్చుంది. కాలు అలాగే ఉంచండి, వేళ్ళు పైకే. కింద రెండు వరసలు, ఇవి ఊరికే ఉన్నాయంతే. వేలు దూరాలి కిందకి. దూరుతోందా? దూరుతోంది. మూడు, నాలుగు వరసలు, ఇక్కడ పట్టు. నొక్కేసినట్టు కాదు, చిన్నపిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటినట్టు. వదలవు, నలపవు.

ఇక పైన. చాలా షూలకి ఇక్కడ ఒక కన్నం ఎక్కువుంటాది, అన్నిటికంటే పైన, కొంచెం వెనక్కి. షూ కొన్న రోజు నుంచీ ఖాళీగానే ఉంటాది పాపం. దానికి ఇప్పుడు పని. లేసుని అడ్డంగా దాటించకండి. అదే వైపు, కింద కన్నంలోంచి వచ్చిన లేసుని, అదే వైపు పై కన్నంలోకి, బయటి నుంచి లోపలికి. పూర్తిగా లాగకండి. చిన్న ఉంగరం మిగలాలి. కనిపిస్తోందా? ఆగండి, ఫోకస్ పోయింది. ఇప్పుడు? ఉంగరం. రెండో వైపూ అంతే. ఇంకో ఉంగరం. ఇప్పుడు కుడి లేసు ఎడమ ఉంగరంలోంచి, ఎడమ లేసు కుడి ఉంగరంలోంచి.

ఇప్పుడు లాగాలి. ఇక్కడ మళ్ళీ అందరూ పైకి లాగుతారు. పైకి కాదండి. కిందకి, పక్కలకి, నేల వైపు. చూడండి, కిందకి లాగితే ఉంగరాలు బిగిసి మడమ వెనక్కి పోతోంది. ఆ బిగువు పట్టుకుని, అప్పుడు ముడి. ఇంకోసారి, ఈసారి మాట్లాడకుండా చేస్తాను, మీరు కావాలంటే స్లో పెట్టుకోండి.

కట్టారు కదా. పరీక్ష ఎక్కడంటే, మన ఇళ్ళ ముందు బండి ఎక్కించడానికి ర్యాంపు ఉంటాది కదా గేటు దగ్గర, అక్కడ. కిందకి మొహం పెట్టి నిలబడి, గట్టిగా అడుగులు వేయండి. వేలు ముందు గోడకి తగిలితే నడుము పట్టు చాల్లేదు, లేదంటే సైజు చిన్నది. తగల్లేదు, మడమ లేవలేదు, తిమ్మిరి లేదు, అయితే కుదిరింది.

నాదొక చిట్కా. కుదిరిన రోజున బాల్ పెన్ను తీసుకుని, లేసు మీద కన్నం దగ్గర చుక్క పెట్టేయండి. ఇవిగో నా చుక్కలు, నీలం. రేపు పొద్దున్న నాలుగున్నరకి నిద్రమత్తులో కట్టినా చుక్క నుంచి చుక్కకి లాగితే చాలు. వానకి చెరిగిపోతాయి, మళ్ళీ పెట్టుకోవాలి. లేసు మాత్రం చప్పటిదే వాడండి. గుండ్రటివి అందంగా ఉంటాయి, ఊడిపోతాయి.

సరే, షూ కుదిరింది, రేపు పది కిలోమీటర్లు కొట్టేద్దాం అనుకుంటున్నారా? ఆగండి. ఇన్నాళ్ళూ పది మిల్లీమీటర్ల ఎత్తు మీద ఉన్న మడమ ఒక్కసారి కిందకి దిగింది. దిగితే పిక్క ఎక్కువ సాగాలి, మడమ వెనక తాడులా ఉండే స్నాయువు, అకిలీస్ అంటారు చూడండి, అది ఎక్కువ పని చెయ్యాలి. నేను చేసింది చెప్తాను. మొదటి రెండు వారాలు షూతో పరుగే లేదు. రైతుబజారు, పాల ప్యాకెట్టు, గుడి, ఇంతే. తర్వాత పాత షూతో పరిగెత్తి, ఆఖరి ఒక్క కిలోమీటరు దీంతో. అది కూడా రోజు విడిచి రోజు. రెండు నెలలు పట్టింది పూర్తిగా మారడానికి. పిక్క బరువుగా ఉంటే ఫరవాలేదు. పొద్దున్న మంచం దిగగానే మడమ వెనక పోటు పుడితే మాత్రం ఆపేయాలి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మా బ్యాచ్‌లో అందరికీ ఒకేలా పడలేదు, అది కూడా చెప్పాలి. ఒక అక్క ఉన్నారు, బొటనవేలు మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చి ఏ షూ వేసినా ఒరుసుకునేది. ఆవిడ దీన్ని ఇంక విప్పరు, పెళ్ళికి కూడా ఇదే వేసుకొస్తారేమో. ఒక మాష్టారు మూడు నెలలు ప్రయత్నించారు, అకిలీస్ ఒప్పుకోలేదు, 5 మిల్లీమీటర్లదానికి వెళ్ళిపోయారు. హాయిగా పరిగెడుతున్నారు. తప్పేటి? ఇంకొకాయన పల్లేరు ముళ్ళ గురించి గొడవ. జీడితోటల్లో, ఆ ఎండుటాకుల కింద ఏముందో తెలీదు, పక్కన మెష్‌లోంచి దిగిపోతాయి. వెడల్పు ఎక్కువ కదా, రాయికి ఒరుసుకోవడం కూడా ఎక్కువే. నా రెండో జత, కంపెనీ పేరు వద్దులెండి, చిటికెనవేలు దగ్గర చిరిగింది. ఫెవిక్విక్ పెట్టాను, గట్టిపడి గుచ్చుకుంది. ట్యూబు అతికించే సొల్యూషన్ మేలు, మెత్తగా ఉంటాది.

కోడి రామ్మూర్తి స్టేడియంలో ఆర్మీ సెలక్షన్లకి ప్రాక్టీసు చేసే తమ్ముళ్ళు అడుగుతున్నారు, పదహారు వందల మీటర్లకి ఇవి పనికొస్తాయా అని. వద్దు. ఇవి బరువు, కొండకీ గెడ్డ గట్టుకీ చేసినవి. సెలక్షన్ల ముందు అసలు షూ మార్చకండి, ఏ షూ అయినా.

గెడ్డ అంటే గుర్తొచ్చింది, తడిస్తే ఎండలో పెట్టకండి, జిగురు వదులుతాది. ఇన్‌సోల్ తీసి, లోపల పేపరు కుక్కి, నీడలో. మడమ వెనక ఈ అంటుకునే ముక్క ఉంది చూశారా, చాలామంది ఇదేటో తెలీక పీకేస్తారు. గెయిటరు, అంటే ఇసకా రాళ్ళూ షూలోకి పోకుండా చీలమండకి వేసుకునే గుడ్డ తొడుగు, దాన్ని అంటించుకోడానికి అది. కళింగపట్నం ఇసకలో పరిగెత్తేవాళ్ళకి గెయిటరు ఉండాలి, లేకపోతే కిలో ఇసక ఇంటికి తెస్తారు.

మహేంద్రగిరి వెళ్దామని ఉంది చలికాలంలో. ఒడిశా వైపు, 1,501 మీటర్లు. ఎక్కడం సంగతి ఎలా ఉన్నా దిగడానికి నా గోళ్ళు ఒప్పుకోవాలి. అది వేరే వీడియో.

మీ పాదం గీత ఫొటో, ఇన్‌సోల్ మీద నిలబడిన ఫొటో, రెండూ కలిపి పెట్టండి, సైజు సంగతి నాకు తోచింది చెప్తాను. ఒక్క నిమిషం... ఆఁ నాన్నా, వస్తున్నా! ... ఏటంటే, మా చెల్లెలు నా పాదం గీసింది ఇవాళ్టి పేపరు మీదంట. నాన్న ఇంకా చదవలేదంట. ఎడమ కాలు సరిగ్గా ధరల పేజీ మీద పడింది. ఉంటానండి, కెమెరా ఆపుతున్నాను.